పదో బొమ్మ, పదకొండో బొమ్మ

ఆదోనిలో మా డిగ్రీ కాలేజీలో నా అంత అందంగా గీతలు గీసే ఎకనామిక్స్ లెక్చరర్ ఇంకొకరు లేరు. ఈ మాట నేనే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇన్నేళ్లలో ఇంకెవరూ చెప్పలేదు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టమన్నప్పుడు బోర్డు మీద రంగు చాక్‌పీసులతో గీసి వీడియోలు తీశాను. నోట్సు చేత్తో రాసి ఫొటోలు పెట్టాను.

వారం తిరక్కుండానే ఎమ్మిగనూరు నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. ఇంటి నుంచే మా కాలేజీ డిగ్రీ చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు. పాఠాలు ఫోను చదివి వినిపిస్తే వింటుంది.

"మేడమ్, మీ నోట్సు నా ఫోను సదవలే. వీడియోలో మీరు 'ఈ గీత ఇట్లా వచ్చి ఇదిగో ఇక్కడ తగిలింది' అంటాండారు. యాడ తగిలింది మేడమ్?"

మిగతా పేపర్లన్నీ పాసయింది. ఎకనామిక్స్ ఒక్కటే రెండుసార్లు పోయింది. ఈసారి కూడా పోతే బీఈడీ లేదు, టీచరు కావడమూ లేదు. "ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు సుట్టుకుంటా కూకోవల్ల" అంది, బస్సు టైము చెప్పినట్టు.

నాకు జాలేసింది. రెండు రోజులు కూచుని నోట్సంతా మళ్లీ రాశాను, ఇంతింత పెద్ద అక్షరాలతో. చూపు లేని పిల్లకు పెద్ద అక్షరాలు దేనికని మా ఆయన అడిగేదాకా నాకు తట్టలేదు. ఆ పూట ఆయనకు అన్నం తనే వడ్డించుకోమని చెప్పాను.

తర్వాత నోట్సు టైపు చేయించి కాలేజీ సైటులో ఎక్కించాను. అక్కడ ప్రతి బొమ్మ కింద, ఫోను చదివి వినిపించేందుకు, అందులో ఏముందో మాటల్లో రాయమని ఒక ఖాళీ గడి ఉంది. నలభై బొమ్మలు. నలభై గడుల్లోనూ 'బొమ్మ' అని రాశాను. అబద్ధమేమీ కాదు.

అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. "అంతా ఇన్యాను మేడమ్. పదోదాని కాడ బొమ్మ అని సెప్పె, పదకొండోదాని కాడ గూడా బొమ్మనే. పరీచ్చలో ఆ రెండింటికి తేడా అడుగుతారు. రెండుసార్లూ ఆడే పోయింది."

"ఏముందమ్మా అందులో" అని మొదలుపెట్టాను. "ఒకదాంట్లో గీత మీదే ఇట్లా జారుతాం, ఇంకోదాంట్లో గీతే అట్లా..." ఫోనులో మాట్లాడుతూ చెయ్యి ఊపుతున్నాను. పంతొమ్మిదేళ్లుగా చేత్తో చెప్పిన పాఠం నోటికి రాలేదు. సిగ్గేసింది. ఎదురుగా కూచుని చెబుదామని ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకదాని మీద తండ్రి, ఇంకోదాని మీద తల్లి తువ్వాళ్లు నేస్తున్నారు. మధ్యలో అమ్మాయి నూలు కండెలు చుట్టి ఇద్దరికీ అందిస్తోంది. "కూకోండి మేడమ్" అన్నాడు తండ్రి, తల తిప్పకుండానే. తల్లి కొత్త తువ్వాలు మొదలుపెడుతూ, దీని చారలు ఎట్లా అని ఆయన్ను అడిగింది.

"అంచు కాన్నుంచి లెక్క పట్టు. ఎర్రపోగులు ఎనిమిది. తెల్లవి నాలుగు. మళ్లా ఎర్రవి ఎనిమిది. ఆపైన అంతా తెలుపే."

అమ్మాయి చెయ్యి నేరుగా ఎర్ర కండెల డబ్బాలోకి పోయింది. ఆయన రెండు చేతులూ రెండు కాళ్లూ మగ్గం పనిలోనే ఉన్నాయి. వేలు పెట్టి చూపించడానికి ఆయన దగ్గర ఏదీ ఖాళీగా లేదు.

గీతలు గీసి తెచ్చుకున్న చార్టు మళ్లీ బ్యాగులో పెట్టేశాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. "ఎడమ పక్క కింద మూల నుంచి పట్టమ్మా. అక్కడినుంచి నిటారుగా పైకి పోయే గీత ధర. కుడికి పోయే గీత, ఎన్ని కొంటారనేది. ఎడమ పక్క పైనుంచి కుడి పక్క కిందికి ఏటవాలుగా దిగే గీత గిరాకీ." అంతవరకు బాగానే వచ్చింది. "ఇప్పుడు మీ నాయన తువ్వాలు ధర తగ్గించినాడనుకో..."

"ఇంగా నాలుగు ఎక్కువ పోతాయి" అన్నాడు తండ్రి మగ్గం మీంచే. "పెండ్లిండ్ల కాలమొస్తే తగ్గించకపోయినా పోతాయి."

అమ్మాయి కండె చుట్టడం ఆపింది. "అట్లయితే పదోది, ధర తగ్గి గీత మీదనే కిందికి దిగేది. పదకొండోది, ధర తగ్గకుండానే గీతే కుడిపక్కకు జరిగేది. అంతేనా మేడమ్?"

అంతే. నలభై గడుల్లోనూ 'బొమ్మ' తీసేసి, అంచు నుంచి మొదలుపెట్టి రాశాను. నెల పట్టింది. చేతులు కట్టుకుని వీడియోలు మళ్లీ తీశాను. ప్రిన్సిపాల్ అవి చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఫలితాలు వచ్చిన రోజు అమ్మాయి ఫోను చేసింది. "పాసైనాను మేడమ్. పదకొండో బొమ్మనే అడిగినారు. నేను సెప్తాంటే నా బదులు పేపరు రాసిన ఆయమ్మకు ఎకనామిక్సు రాదు. నేను సెప్పినట్ల గీసినాది."

ఏం చెప్పావో నాకూ చెప్పమన్నాను. చెప్పింది. ఎడమ పక్క కింద మూల నుంచి మొదలుపెట్టి, ఎక్కడా తడబడకుండా చివరిదాకా చెప్పింది. "అర్థమైనాదా మేడమ్?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. అర్థమైందని గట్టిగా తలూపాను. తలూపితే ఫోనులో వినబడదు.

"ఏం పర్వాలేదు మేడమ్" అంది. "మళ్లా సెప్తా, ఇనండి. ఎడమ పక్క కింద మూల కాన్నుంచి పట్టండి."