హీరోగారి ఉపన్యాసం

గాజువాకలో ఉండే ఒక రచయిత నవలను ఇంగ్లీషులోకి అనువదిస్తూ, సందేహం వచ్చినప్పుడల్లా ఆయనకు మెయిల్ పెట్టేదాన్ని. జవాబులు చకచకా వచ్చేవి. ఒకసారి "హీరో ఉపన్యాసం మొత్తం తీసెయ్యండి" అని వచ్చింది. హాయిగా తీసేశాను.

విశాఖలో ఆవిష్కరణ సభ. మైకు ముందు, హీరో ఉపన్యాసాన్నే వదులుకున్న ఆయన త్యాగాన్ని తెగ పొగిడాను. పక్కనే కూర్చున్న ఆయన ముఖం మాడిపోయింది.

"నానెప్పుడు సెప్పానమ్మా? నాకు మెయిల్ సూడ్డమే రాదు."

ముందు వరసలోంచి ఆయన భార్య తాపీగా అంది:

"నానే రాసినాను. పెళ్ళైన కాడ్నించి ఆ ఉపన్యాసం ఇంట్లో వింటన్నాను. పాపం, ఇంగ్లీషోల్లకి కూడా ఎందుకని తీయించేసినాను."

హాలంతా ఒకటే నవ్వులు.

ఇప్పుడు ఆయన రెండో నవల చేస్తున్నాను. ఈసారి ఫోనే చెయ్యమని నంబరిచ్చారు. సందేహాలు మాత్రం ఆ మెయిల్‌కే పంపుతున్నాను.