ఉప్పు మాస్టారు వేసిన సున్నా

ఆ రోజుల్లో మా పల్నాటి వైపు నీళ్ళంటే, బావిలోకి చేంతాడు ఎన్ని బారలు దిగిందన్న లెక్కే. వానొస్తే వాగు, రాకపోతే ఇసుక. గురజాల పక్క పల్లె నుంచి గుంటూరు పోయి నేను కాలేజీలో సముద్ర శాస్త్రం చదివానంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, అప్పుడు మా ఊరు ఊరంతా నవ్వింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఇంటరు మొదటి సంవత్సరంలో చేరి భూగోళం తీసుకున్నాను. సముద్రం మీద ప్రేమతో కాదు. లెక్కల క్లాసులో చోటు దొరకలేదు (దొరికినా లెక్కలు నాకు దొరికేవి కావనుకోండి). వాల్తేరు నుంచి కొత్తగా వచ్చిన లెక్చరరు ఒకాయన భూగోళంలో సముద్రాల భాగాన్ని విడదీసి, దానికి విడిగా పాఠాలు, విడిగా పరీక్ష పెట్టారు. అది తప్పితే రెండో ఏడుకు పంపరని మాకు చేరిన తరువాత తెలిసింది.

మొదటి రోజు ఆయన పాఠం చెప్పలేదు. సన్నటి మనిషి, మెడదాకా బొత్తాములు పెట్టిన కోటు. బోర్డు మీద నాలుగు వరసలు రాశారు. రాత పరీక్షకు యాభై, అబ్జర్వేషన్ పుస్తకానికి పాతిక, నోటి పరీక్షకు పదిహేను, హాజరుకు పది. కింద అడ్డగీత గీసి, "ముప్పై అయిదు రావాలి. బాపట్ల సముద్రానికి తీసుకుపోతాను. ఆ రోజు రాలేనివాళ్ళు ఏ ఆదివారమైనా సొంతంగా పోయి చూసి పుస్తకం రాసుకోవచ్చు. ఏ మార్కు ఎందుకు వేశానో, ఎందుకు కోశానో అడిగినవాడికల్లా చెబుతాను. మీరు మాత్రం చూసింది చూసినట్టు రాయండి. చూడనిది చూసినట్టు రాస్తే సున్నా" అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవడో లేచి, "గ్రేసు మార్కులేమైనా ఉంటాయా సార్?" అని అడిగాడు. "సముద్రంలో ఉప్పు తగ్గించమని అడుగు నాయనా, అది తేలిక" అన్నారాయన. ఆ పూటే ఆయనకు ఉప్పు మాస్టారని పేరు పెట్టేశాం.

బాపట్ల ప్రయాణం పెట్టిన వారంలోనే నాకు చలిజ్వరం తగిలింది. మాచర్ల రైలెక్కి, గురజాలలో దిగి, ఇంట్లో కంబళి కింద వణుకుతూ పడుకున్నాను. నా తోటివాళ్ళంతా మోకాళ్ళ దాకా అలల్లో నిలబడి గవ్వలేరుకుంటున్నప్పుడు నేను క్వినైను చేదుకు మొహం చిట్లిస్తున్నాను. అక్కడిదాకా తప్పు జ్వరానిది. జ్వరం తగ్గి గుంటూరు చేరాక రెండు ఆదివారాలు నాటకాలకు పోయాయి చూశారూ, ఆ తప్పు మాత్రం అచ్చంగా నాది. ఇంతలో దసరా సెలవులొచ్చాయి. సెలవులు కాగానే పుస్తకం ఇవ్వాలి. తెల్ల కాగితాలతో ఇంటికొచ్చాను.

మా నాయన నలుగురికీ పంచాయితీలు చెప్పే మనిషి. "మావాడు కాలేజీలో సముద్రం చదువుతున్నాడు" అని చెప్పి అప్పటికే మూడూళ్ళలో తలెత్తుకు తిరుగుతున్నాడు. నాతో మాత్రం, "ఒరేయ్, తప్పావంటే మళ్ళీ గుంటూరు మొహం చూసేది లేదు. మిరపచేను నీదే, గొడ్లు నీవే" అన్నాడు. మిరపచేను గుర్తొచ్చినకొద్దీ సముద్రం మీద నాకు మమకారం పెరిగింది. చూడటానికి సముద్రం లేకపోయినా చూసొచ్చిన మనిషి ఒకాయన మా వీధిలోనే ఉన్నాడు. పటాలంలో లారీల మెకానిక్కుగా చేరి, ఓడెక్కి బస్రా దాకా పోయి, ఆ ఏడే తిరిగొచ్చాడు. సాయిబుల ఇంటి ఆ పెద్దమనిషిని మేమంతా బస్రా బాబాయి అనేవాళ్ళం.

"బాబాయ్, సముద్రం ఎట్టుంటది?" అని అడిగాను కాగితం, కలం పట్టుకుని.

"ఏముందిరా, చానా నీళ్ళు" అన్నాడు.

"రంగు?"

"పొద్దున్నే పచ్చగా, మాపిటికి నల్లగా. మధ్యలో నేను కళ్ళు తెరిస్తేగా! పదకొండు రోజులు కడుపులో దేవి, బకెట్టు పట్టుకుని పడుకున్నా."

"పోటు ఎప్పుడొచ్చేది బాబాయ్?"

"అదేందిరా?"

"నీళ్ళు పైకి లేవటం."

ఆయన కాసేపు ఆలోచించి, "నమాజుకి లేచినప్పుడల్లా ఓడ పైకి లేచేదిరా. నిలబడనిస్తే కదా, అల్లా!" అన్నాడు.

నేను శ్రద్ధగా రాసుకున్నాను. రోజుకు అయిదు నమాజులు గనక రోజుకు అయిదు పోట్లు. తిమింగలాన్ని చూశావా అంటే, "ఒకటేదో నల్లగా కనపడ్డది, తిమింగలమో మా హవల్దారు కంబళో" అన్నాడు. నేను కంబళి వదిలేసి తిమింగలాన్ని రాసుకున్నాను. అలల ఎత్తు మా దూలమంత. వీటన్నిటి మీదా, "బాపట్ల తీరమున ఆదివారము నాడు నా పరిశీలనలు" అని ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో మకుటం పెట్టాను.

సెలవులయ్యాక పుస్తకం ఇచ్చిన మూడో రోజు ఉప్పు మాస్టారు నన్ను తన గదికి పిలిచారు. బల్ల మీద నా పుస్తకం తెరిచి ఉంది. "ఏమయ్యా, బాపట్లలో రోజుకు అయిదుసార్లు పోటు వచ్చిందా?" అని అడిగారు, ఎంతో మర్యాదగా.

"వచ్చింది సార్."

"చంద్రుడికి ఆ సంగతి తెలుసా?"

నాకు అర్థం కాలేదు. చంద్రుడికీ పోటుకూ ఉన్న బంధుత్వాన్ని పాఠంలో చెప్పిన రోజు కూడా నేను కంబళి కిందే ఉన్నాను. "తిమింగలం ఒడ్డుకు ఎంత దూరంలో కనిపించింది?" అన్నారు మళ్ళీ. ఇక లాభం లేదనిపించి జ్వరం, నాటకాలు, బస్రా బాబాయి, మిరపచేను, అన్నీ వరసగా చెప్పేశాను. ఆయన విన్నారు. బకెట్టు దగ్గర మాత్రం మీసం కింద కాస్త నవ్వినట్టనిపించింది. తరువాత ఎర్ర సిరాలో కలం ముంచి, పుస్తకం మీద గుండ్రంగా, నిదానంగా సున్నా చుట్టారు. అంత అందమైన సున్నాను నేను మళ్ళీ చూడలేదు.

"సార్, సగమైనా..." అన్నాను.

"మొదటి రోజే చెప్పాను కదయ్యా. ఇక నోటి పరీక్ష పదిహేను ఉంది. దానికి సముద్రమే చూడక్కర్లేదు. నీళ్ళు చేసిన పని ఏదైనా సరే, నీ కళ్ళతో నువ్వు చూసింది తీసుకురా. మీ ఊళ్ళో ఏముంది?"

"రాళ్ళు సార్."

"అయితే రాళ్ళే చూడు" అన్నారు.

ఆ శనివారం రైల్లో ఇంటికి పోతూ ఉప్పు మాస్టారిని తిట్టుకుంటూనే ఉన్నాను. రాళ్ళకీ నీళ్ళకీ పొత్తేంది? మర్నాడు పొద్దున్న మా పెరట్లో, బావి పక్కనున్న పెద్ద బండ మీద కాళ్ళు చాపి కూర్చున్నాను. నాయనమ్మ బట్టల మూటతో వచ్చి, "లెగరా, గుడ్డలు ఉతకాల. ఊళ్ళో ఎన్ని బండలున్నా ఈ బండ మీదే మురికి పోయిద్ది. గరుకు గరుకుగా గీతలున్నాయి గందా" అంది. లేచి నిలబడ్డాను. అరికాళ్ళ కింద గీతలు తగిలాయి. చిన్నప్పటి నుంచీ తగులుతున్నవే. ఒకదాని పక్కన ఒకటి, వంకర్లు తిరిగి, మళ్ళీ కలుసుకుని, బండంతా పరుచుకుని ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఒడ్డున నీళ్ళు వెనక్కి తీశాక తడి ఇసుక మీద మిగిలే అలల గీతలు. అచ్చం ఇవే.

"నాయనమ్మా, ఉతకబాక! ఇది సముద్రం!"

"ఏందిరా నీ మొహం, మీ తాత కొండ కాణ్ణుంచి బండి మీద తోలిచ్చిన బండ. సముద్రమంట! మళ్ళీ జొరమొచ్చిందా ఏంది?" అని నా నుదురు పట్టుకు చూసింది.

బండను గుంటూరు మోసుకుపోలేను. కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే గీతలు దిగుతాయని తోచింది, కానీ అంత కాగితం ఊళ్ళో లేదు. తీగ మీద నాయన పంచె ఆరుతోంది. తెల్లగా, పొడుగ్గా, కొలిచి నేయించినట్టు బండకు సరిపోయేలా ఉంది. (ఆ క్షణంలో అది పంచెలా కాక కాగితంలా కనిపించిందని నా మనవి.) బస్రా బాబాయిని కేకేసుకొచ్చాను. ఆయన కొలబద్ద పెట్టి గీతకూ గీతకూ మధ్య ఎంతుందో చెబుతుంటే నేను ఒక అంచున రాసుకున్నాను. ఇద్దరం కలిసి పొయ్యిలో బొగ్గులన్నీ అరగదీశాం. తెల్లగుడ్డ మీద నల్లటి అలలు ఒక్కొక్కటే లేచాయి. బాబాయి గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "ఒరేయ్, ఇదే. ఓడ మీంచి ఇట్టాగే కనపడేది. ఇది చూస్తే కడుపులో దేవటంలా, అంతే తేడా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నాయన పెరట్లోకి వచ్చాడు. "నా పంచె మీద ఏందిరా ఆ బొగ్గు? రేపు పిడుగురాళ్ళలో పంచాయితీకి పోవాల!"

"సముద్రం నాయనా" అన్నాను.

"సముద్రమైతే అన్ని నీళ్ళుండి ఇంత మురికయిందేందిరా?"

చేయి ఎత్తాడు కూడా. బాబాయి అడ్డమొచ్చి, "అన్నా, ఆగు. నీ ఇంట్లో సముద్రముందంట. మూడూళ్ళకి చెప్పుకునే మాట, తొందరపడబాక" అన్నాడు. నాయన చేయి దించి, బండ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెప్పు విడిచి, పాదంతో గీతలు తడిమి చూశాడు. ఆ తరువాత పాత పంచె వెతుక్కోవడానికి లోపలికి పోయాడు. పిడుగురాళ్ళ పంచాయితీలో మాత్రం అసలు తగువు పక్కనబెట్టి ముందుగా తన బండ సంగతే చెప్పాడట.

నోటి పరీక్ష రోజున పంచెను ఉప్పు మాస్టారి బల్ల మీద పరిచాను. బల్ల చాలక రెండు పక్కలా వేలాడింది. ఆయన కళ్ళజోడు తీసి, వంగి, గీతల మీద వేలు పోనిచ్చారు. "మీ ఊరు నిలబడ్డ చోట కోట్ల ఏళ్ళ కిందట లోతు లేని సముద్రం ఉండేదయ్యా. ఆ ఇసుకే ఈ బండ" అని, వెంటనే, "నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి?" అని అడిగారు.

బండను కొండ దగ్గర్నుంచి తాత బండి మీద తోలించాడు. ఏ వైపు తెచ్చి ఏ వైపు పడేశారో ఎవరికి తెలుసు? తూర్పు నుంచి వచ్చాయని చెబుదామా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"తెలియదు సార్. బండ చోటు మారింది."

"మంచిది" అని పన్నెండు వేశారు. మూడు ఎందుకు కోశారని అడిగాను, అడగొచ్చన్నారు కదా. "గీతకు ఏ పక్క వాలు ఎక్కువో రాసుకోనందుకు రెండు. మీ నాన్నగారి పంచెకు ఒకటి."

చివరికి రాతలో పద్దెనిమిది, హాజరుకు ఆరు, నోటికి పన్నెండు. మొత్తం ముప్పై ఆరు. పుస్తకం మీద సున్నా సున్నాగానే ఉండిపోయింది. ఒక్క మార్కుతో గట్టెక్కాను. మిరపచేను మా తమ్ముడికి పోయింది (వాడు నాకన్నా బాగా బతికాడు, అది వేరే సంగతి).

ఆ తరువాత నేనూ నరసరావుపేటలో బడి పంతులునై, చాలా ఏళ్ళు ఎర్ర సిరా వాడాను. పిల్లలు చూడనివి చూసినట్టు బోలెడు రాసేవాళ్ళు. వాళ్ళ వెనక ఏ మిరపచేను ఉందో అనుకుని ప్రతిసారీ అయిదో పదో వేసి పంపేవాణ్ణి. ఒక్కడికీ సున్నా చుట్టలేకపోయాను. వాళ్ళంతా ఇప్పటికీ ఎదురుపడితే నమస్కారం పెట్టి, మీరు చానా మంచివారు మాస్టారూ అంటారు. ఏ పాఠం చెప్పానో మాత్రం ఒక్కడికీ గుర్తులేదు. అలా అన్నప్పుడల్లా నేను నవ్వి తలూపుతాను. మంచితనానికి ఎన్ని మార్కులు వేయొచ్చో ఉప్పు మాస్టారినే అడిగి ఉండాల్సింది. ఎందుకు కోశారో కూడా తప్పకుండా చెప్పేవారు.