మా అత్త ఏడ్వని రెండు చావులు

మా అత్త సుక్కమ్మతో పద్దెనిమిదేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నాను. మా ఆయన డేవిడ్‌తో నా కాపురం అంతకాలం సాగలేదు. కాబట్టి ఆమె సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. పేపరువాళ్ళు ఆమెను 'మట్టి కవయిత్రి' అని రాశారు. వాళ్ళకేం, ఫొటో తీసుకుని పోయారు. నేను చేసిన పప్పును చుట్టాల ముందు "గిది కుడితి, బర్రెకు వొయ్యుండ్రి" అన్నది కూడా ఆ కవయిత్రే.

ఆమెకు చదువు లేదు. సంతకం పెట్టమంటే కోడిపిల్లను గీస్తుంది. తిరుమలగిరి రోడ్డు వైపున్న మా ఇంటి గోడే ఆమె పలక. ఎర్రమన్ను నానబెట్టి జాజు చేస్తుంది, పక్కన సున్నం కలుపుకుంటుంది, ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసుకుంటుంది. పండుగొస్తే అందరూ గోడలకు తీగలూ పువ్వులూ వేసుకుంటారు. మా అత్త మనుషుల్ని వేసేది. అందులో మంచిగా వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. మా ఊళ్ళో పెద్ద రైతు రామచంద్రయ్య, భార్య సర్పంచయితే ఆమె కుర్చీలో తానే కూర్చునేవాడు. ఆయన్ను గుడ్ల మీద పొదిగే పుంజులా గీసింది. ఆ ఏడాదంతా మా నల్లాలో నీళ్ళు సన్నగా వచ్చాయి.

ఇక ఆమె నోరు. మా దిక్కు మనిషి పోతే ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటాం. పోయినవాళ్ళ మంచీ చెడూ, ఉన్నవాళ్ళ బండారమూ అన్నీ అందులో బయటికొస్తాయి. శోకం పెట్టే మనిషిని ఎవరూ ఆపకూడదు, ఎదురు చెప్పకూడదు. అప్పటికప్పుడు పాట కట్టి శోకం పెట్టడంలో మా అత్తకు నాలుగూళ్ళలో పేరుంది. పిలవకపోయినా పోయేది. నకిరేకల్‌లో మా అమ్మ పోయినప్పుడూ అట్లాగే వచ్చింది. అక్కడ మా అన్నలిద్దరి ఇళ్ళు ఎదురెదురుగా ఉంటాయి. మా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఎత్తుకుంది:

"తూర్పింట పొయ్యి మండె, పడమటింట పొయ్యి మండె,
నడి బజాట్ల కూసున్న నీకు గంజెవ్వలు వోసిరమ్మా..."

మా అన్నలు తలలు దించుకున్నారు. నేనే నేర్పి పంపినట్టు వదినలు నా వైపు చూశారు. ఆమె అన్నది నిజమే. నిజమైతే మాత్రం నలుగురిలో అనాలా? ఇంటికొచ్చి నిలదీస్తే ఆమె తాపీగా ఆకూవక్కా నములుతూ అంది: "శవం కాడి మాట నీళ్ళతోని పోతది. తానం జేసినవు గద, ఇంకెందుకు లేపుతున్నవ్?"

మా కట్టుబాటు అదే. పూడ్చి వచ్చి నెత్తిన నీళ్ళు పోసుకున్నాక, శోకంలో వచ్చిన మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. అన్నవాళ్ళ మీద పగ పట్టకూడదు, పడ్డవాళ్ళను దెప్పకూడదు. అది ఆ నీళ్ళతో పోతుంది కాబట్టే ఎంత మాటైనా అననిస్తారు.

డేవిడ్ పోయింది పొలాలకు ఇరవై నాలుగ్గంటల కరెంటు వచ్చిన ఏడాది. అంతకుముందు కరెంటు పోయే వేళ చూసుకుని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫ్యూజు వేసేవాళ్ళు. ఇప్పుడది పోదు. ఎవరో ఒకరు లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఆపించాలి. ఊళ్ళో ఫ్యూజులు వేసేది మా ఆయనే. నాట్లప్పుడు రామచంద్రయ్య పొలం దగ్గర ఫ్యూజు పోయింది. మా వాకిట్లో బండి ఆపి, నేనూ మా అత్తా వింటుండగానే అన్నాడు: "బంద్ చేపిచ్చిన. పోయి ఎక్కు డేవిడూ."

ఆయన ఫోనే చెయ్యలేదు. ఎక్కిన మనిషి శవమై కిందికొచ్చాడు. సాయంత్రానికి రామచంద్రయ్య, "నేనెందుకు ఎక్కుమంట? తాగి ఎక్కిండు" అన్నాడు. క్రిస్మస్ నాడు కూడా చుక్క ముట్టని మనిషిని ఆ మాట అన్నాడు. ఊరు తల ఊపింది. స్టేషన్‌లోనూ అదే రాసుకున్నారు. నేను చెప్పింది మొగుడు పోయిన బాధలో అన్న మాటగా కొట్టిపారేశారు.

నాకు మిగిలింది మా అత్త నోరొక్కటే. శవం దగ్గర ఆమె అంటే ఆపేవాడు లేడు. రామచంద్రయ్య కూడా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆ నాలుగు మాటలూ పడి, నీళ్ళు పోసుకుని, వదిలించుకుందామని వచ్చాడు. ఊరంతా చెవులు రిక్కించి నిలబడింది. మా అత్త కొడుకు తలాపున కూర్చుంది. నోరు తెరవలేదు. కంట నీటిబొట్టు లేదు.

"అనవేందత్తా? గాయన పేరు జెప్పు," అని భుజం పట్టి ఊపాను. ఆమె కొడుకు మొహం మీది ఈగను తోలింది. పెట్టె మూశారు, తీసుకుపోయి పూడ్చారు. "నా మొగుణ్ణి నువ్వు రెండోసారి చంపినవ్" అని మొహం మీదే అన్నాను.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చడానికి వస్తే గోడంతా ఎర్రగా ఉంది. కరెంటు తీగ, దాన్ని పట్టుకుని చేతులు చాచిన మనిషి, కింద బండి మీద కూర్చుని పైకి చెయ్యి చూపిస్తున్న ఇంకో మనిషి. కింది మనిషికి పుంజు మొహం. పేరు రాయక్కర్లేదు. మా అత్త జాజు చేతులతో గడపలో కూర్చుని ఉంది.

"నిన్న శవం కాడ అంటే ఏమయితుండె? తానం జేసి పోతుండె వాడు," అంది. "నా కొడుకు మాట నీళ్ళల్ల కలవద్దు. నేను ఏడ్వలే. గందుకే అది తీరలే."

నాకప్పుడు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపం మాత్రం పోలేదు.

ఎట్లా పోతుంది? ఆ గోడతో నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఎన్నికలొస్తే చాలు రామచంద్రయ్య మనుషులు దాని మీద సున్నం కొట్టిపోయేవాళ్ళు. ఆ సున్నం ఆరీ ఆరకముందే ఆమె మళ్ళీ గీసేది. నేను అంగన్‌వాడీ టీచరును. నా ఉద్యోగం మీద అర్జీల మీద అర్జీలు పడ్డాయి. "నా కడుపు కొట్టకత్తా, తుడిచెయ్యి" అని బతిమాలాను. తడిగుడ్డ నా చేతికిచ్చి, "నువ్వే తుడువు" అంది. నా చేతులు రాలేదు. "మరెందుకు మొత్తుకున్నవ్?" అని నన్నే తిట్టింది. మంచిపని మనతో చేయించుకుని మనల్నే తిట్టే రకం ఆమె.

ఒకసారి జిల్లా నుంచి ఓ సారు కారు ఆపి గోడ చూసి మురిసిపోయాడు. రాష్ట్రం వచ్చిన రోజు పండుగకు పిలిపించి శాలువా కప్పి, ఊళ్ళకు కరెంటు వచ్చిన సంబురాన్ని ఈ తల్లి ఎంత బాగా గీసిందో చూడండి అన్నాడు. చేతులు చాచిన మా ఆయన, ఆ సారు కంటికి ఎగిరి గంతేస్తున్న రైతు. మా అత్త మైకు దగ్గరికి పోయి, "గాడు ఎగురుతలేడు సారూ, సస్తుండు" అంది. మైకు లాక్కున్నారు. ఆ శాలువాను ఇప్పుడు వడ్ల బస్తాల మీద కప్పుతున్నాను.

పోయిన ఎండాకాలం రామచంద్రయ్య పోయాడు. పట్నం దవాఖాన నుంచి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టగానే ఆయన కొడుకు రాజేశ్ మా గడప దగ్గరికి వచ్చాడు. మా అత్తను "సుక్కీ" అని తప్ప పిలవని ఇంటి నుంచి "అవ్వా" అన్న పిలుపు వచ్చింది.

"అవ్వా, నువ్వొచ్చి శోకం వెట్టాలె. ఎంతన్న తిట్టు, మేం పడ్తం."

తెలివిగలవాడు. తిట్టించుకుని, నీళ్ళు పోసుకుని, గోడ మీది మాట కూడా కడిగేసుకుందామని వచ్చాడు.

"రాను," అంది మా అత్త. "ఇన్నేండ్లు దాసుకున్నది నీళ్ళల్ల పోసుకుంటనా?"

"అయితే ఒక్కటి జెయ్యి. పాడె గీ రోడ్డు మీదికెల్లే పోవాలె. పట్నం నుంచి చుట్టాలొచ్చిండ్రు. మేం దాటేదాక గోడకు గీ పరదా కప్పు." ఆమె చెయ్యి చాచలేదు. మడత విప్పని పరదాను నా చేతిలో పెట్టిపోయాడు.

మా అత్త లోపలికి పోయి జాజు కుండ తెచ్చుకుంది. ఈ మధ్య ఆమె చెయ్యి వణుకుతోంది. కరెంటు తీగ దిద్దబోతే వంకర పోయింది. "ఇటియ్యి" అని పుల్ల గుంజుకున్నాను. ఆమె తిడుతూ ఉంటే తీగ మొత్తం నేనే దిద్దాను. డేవిడ్ మొహం మాత్రం నన్ను ముట్టనివ్వలేదు.

డప్పులు మొదలయ్యాక రాజేశ్ ఫోన్ చేశాడు. "అక్కా, గోడ కప్పినవా? పాడె లేపుతున్నం."

"కప్పిన," అన్నాను. "తీస్కరా."

పరదా అరుగు మీద మడత మడతగానే ఉంది. పాడె మలుపు తిరిగింది. తడి ఆరని గోడ ముందు నేనూ మా అత్తా నిలబడ్డాం. చుట్టాల తలలన్నీ ఇటు తిరిగాయి, మోసేవాళ్ళ అడుగు తడబడింది. ఎత్తిన పాడెను వెనక్కి తిప్పరు. రాజేశ్ నన్నే చూస్తూ దాటిపోయాడు. నేనూ చూపు తిప్పుకోలేదు.

వాళ్ళు పోయాక మా అత్త గోడ దగ్గరికి పోయి, నేను దిద్దిన గీత మీద వేలు పెట్టి చూసింది. "తీగ లావయ్యింది," అంది. "కుడితి చేతులు."

ఆ మధ్యాహ్నం ఊరంతా తలస్నానాలు చేసింది. మేమిద్దరం చెయ్యలేదు.