రాహుకాలంలో మూసిన కంత

నిజం పక్షాన నిలబడి వాదించి గెలిచినవాడు, ఆ గెలుపును కాపాడుకోవడానికే అబద్ధం ఆడితే, అతన్ని మీరు ఏ పక్షంలో కూర్చోబెడతారు?

ఆ మనిషి నేనే. పదేళ్ళకు పైగా ఈ మాట మోస్తున్నాను. గుండె మీద బండ అనీ, కంటికి కునుకు లేదనీ రాయను. నిద్ర బాగానే పట్టింది. సభల్లో ఎవరైనా లేచి నా పాత వ్యాసం ఒకటి మెచ్చుకున్నప్పుడు మాత్రం తల వంచి చెప్పులు చూసుకునేవాణ్ణి. వినయం అనుకున్నారు. వినయం నాకు ఏనాడూ లేదు.

కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం విశాఖ వచ్చినవాణ్ణి. దువ్వాడ వైపు ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేస్తున్న రోజులు. పగలు ఒక కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు పని, సాయంత్రం హేతువాద సభలు. రెంటిలోనూ నాకు గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది. పంచాంగాలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళను ప్రశ్నలతోనే ఇంటికి పంపిన రోజులున్నాయి. ఆ ప్రశ్నల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను.

వన్ టౌన్‌లో నాలుగంతస్తుల మేడ ఒకటి కట్టాం. కింద దుకాణాలు, పైన ఓడ సరుకుల ఏజెంట్ల ఆఫీసులు. కరెంటు తీగలు కింది నుంచి పైకి వెళ్ళడానికి ప్రతి అంతస్తులోనూ శ్లాబుకి మూరెడు వెడల్పు కంత వదిలారు. ఆ కంతలు మూయించడం నా పని. ఎందుకు మూయాలి? కింద నిప్పు పుడితే అది మెట్లెక్కి రాదు, కంతలోంచి వస్తుంది. దాని కంటే ముందు పొగ వస్తుంది. అందుకని రాక్ ఊల్, అంటే రాతిని కరిగించి తీసిన ఉన్ని, శ్లాబు మందమంతా బిగించి కూరి, పైన సిమెంటు పూయాలి. నిప్పులో వేసినా అంటుకోదు. ఎవరి కంటికీ కనబడని పని, ఎవరూ మెచ్చుకోని పని. ఆ పని నాకు ఇష్టం.

ఆ పని నాకంటే బాగా తెలిసినవాడు మా పనివాడు నూకరాజు. సముద్రపు ఒడ్డున చేపలవాళ్ళ పేటలో పుట్టాడు. రేవులో మరమ్మతుకొచ్చిన ఓడల్లో ఆవిరి గొట్టాలకు ఉన్ని చుట్టి చుట్టి చేయి తిరిగినవాడు. ఓడలో గోడగోడకీ ఉన్న కంతలు ఎలా మూస్తారో అతనే నాకు చూపించాడు. అతను కూరిన ఉన్నిలోకి మేకు కూడా దిగేది కాదు.

మేడ యజమాని వాస్తు చూపించాడు. కంతలు ఈశాన్యం మూలలో పడ్డాయట. ఈశాన్యం మూస్తే సిరి నిలవదట, తెరిచే ఉంచాలట. ఆయన పంతులుతో గంటసేపు వాదించాను. నిప్పుకి దిక్కులు తెలియవన్నాను. గెలిచాను. యజమాని, సరే, మీ ఇష్టం, అన్నాడు.

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. దుకాణాల పైకప్పులో ఉన్న మొదటి కంత అమావాస్య మంగళవారం, మధ్యాహ్నం మూడు దాటాక రాహుకాలంలో మూయిస్తానని సభలో చెప్పాను. మిత్రులను రమ్మన్నాను.

మంగళవారం వచ్చింది. సరుకు రాలేదు. గూడ్సు బండి ఎక్కడో నిలిచిపోయింది. నూకరాజు కంత పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“నాలుగు రోజులాగుదాం బాబూ,” అన్నాడు.

“ఇవాళే కావాలి. గోనెలు కూరి పైన సిమెంటు పూసెయ్. ఊల్ వచ్చాక తీసి మారుద్దాం.”

“గోని నిప్పుకి మేత బాబూ. ఓడలో ఇలాటి పని సేత్తే మమ్మల్ని నీళ్ళలోకి తోసేత్తారు.”

“వచ్చేవాళ్ళు వచ్చేస్తున్నారు. రాహుకాలం దాటిపోతే మళ్ళీ నా మాట ఎవరు వింటారు?”

నూకరాజు నవ్వాడు. “పంతులుగోరు మంచి గడియ దాటకూడదంటారు. తమరు సెడ్డ గడియ దాటకూడదంటన్నారు. గడియల పట్టింపు ఇద్దరికీ ఉంది, నాకే నేదు.”

జవాబు లేనప్పుడు నేను ఏం చేస్తానో ఆరోజే నాకు తెలిసింది. పై అధికారినవుతాను. చెప్పింది చెయ్, అన్నాను. చేశాడు. మిత్రులు చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా ఊల్ వచ్చింది. పై అంతస్తుల కంతలన్నీ దానితోనే మూశాం. మొదటిది మాత్రం తెరవలేదు. తెరిస్తే యజమాని చూస్తాడు, చూస్తే పంతులుకి చెబుతాడు, ఈశాన్యం మూసినవాడే భయపడి తెరిచాడని వన్ టౌన్ అంతా నవ్వుతుంది. నూకరాజు రెండుసార్లు గుర్తు చేశాడు. చూద్దాం అన్నాను. ఆలోచించే అన్నాను. ఇది మరుపు కాదు.

రెండేళ్ళ తర్వాత ఒక పగలు కింద మీటరు బోర్డు అంటుకుంది. గోనెలు మండాయి, పూత విరిగి పడింది, మొదటి అంతస్తు పొగతో నిండిపోయింది. పై కంతలు నిలబడ్డాయి. నూకరాజు చేతిపని వల్ల పై అంతస్తుల మనుషులు మెట్లు దిగి వచ్చారు. దీనికి ఈనాటికీ నా ఛాతీ పొంగుతుంది. మొదటి అంతస్తులో టైపిస్టు ఒకామె పొగలో పడిపోయింది. బతికింది. ఊపిరి మాత్రం మునుపటిలా రాలేదు.

ఈశాన్యం మూశారు కనుకే నిప్పంటుకుందని ఊరు కోడై కూసింది. నేను వ్యాసం రాశాను. బోర్డులో వదులుగా ఉన్న తీగ వల్ల నిప్పు పుట్టిందని మెట్టుమెట్టుగా నిరూపించాను. అది నిజం. నేను రాసినవాటిలో అంత పదునైనది ఇంకోటి లేదు. మరి మూసిన కంతలోంచి పొగ ఎలా ఎక్కింది? ఎవరైనా అడుగుతారని తెలుసు. అందుకని ఒక వాక్యం చేర్చాను: పనివాడు నూకరాజు ఊల్‌కి బదులు గోనెలు కూరి మోసం చేశాడు.

ఒక్క వాక్యం. సభలో పైకి చదివాను కూడా. పద్యం చదివినట్టు చదివాను.

ఆ తర్వాత రేవులోగాని, మేడల మీదగాని నూకరాజుని ఎవరూ పనికి పిలవలేదు. అంత చేయి తిరిగినవాడు మళ్ళీ అన్నదమ్ముల పడవెక్కి వలకి పోయాడు. ఒకసారి చేపల రేవులో ఎదురుపడ్డాడు. నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు, తప్పు చేసినవాడిలా. నేను తలెత్తుకునే వెళ్ళిపోయాను.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? కాదు, ఉద్యోగం ఇంకోటి దొరికేది. ఉద్యమానికి మచ్చ వస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకు ఇదే. తరచి చూస్తే ఉద్యమం అన్నచోటల్లా నేను అని పెట్టినా వాక్యం చెడదు. ఎదుటివాడి మూఢనమ్మకాన్ని దీపం పెట్టి వెతికినవాణ్ణి, నేను పొరపడను అనే నమ్మకాన్ని మాత్రం పూజలో పెట్టుకున్నాను.

వాస్తు అబద్ధమే. రాహుకాలం అబద్ధమే. నూకరాజు మోసగాడన్నది కూడా అబద్ధమే. మూడింటినీ ఒకే నోటితో చెప్పగలుగుతున్నందుకు ఇవాళ నాకు తేలికగా ఉంది. దీన్ని క్షమాపణ అనుకోకండి. చాటుగా వెళ్ళి అతని చేతులు పట్టుకోవడం సులువు. నింద నలుగురిలో వేశాను, నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాత అతని గడపకు వెళతాను. రానిస్తాడో లేదో అతని ఇష్టం.

ఇక్కడ నా పేరు వేయలేదు. ఆ వ్యాసం చదివినవాళ్ళకు నేనెవరో తెలుసు, ఇప్పుడు చెప్పే పని వాళ్ళదే. ఆ కాగితం మీ బీరువాలో ఉంటే తీయండి. నూకరాజు పేరున్న వాక్యం కొట్టేసి, కూరమన్నది ఈ వ్యాసం రాసినవాడే అని మీ చేత్తో పైన రాయండి. రాసి, ఆనాడు మీ పక్కన కూర్చుని చప్పట్లు కొట్టినవాడికి చూపించండి. తర్వాత చూద్దాం అనకండి. ఇప్పుడే లేవండి.