కోటేశు తొక్కని బ్రేకు

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో నన్ను తెనాలి సర్వీస్ సెంటర్‌కు వర్క్స్ మేనేజర్‌గా వేశారు. షెడ్డులో జరిగే ప్రతి రిపేరుకూ చివరి సంతకం నాదే. అంతకుముందు ముప్ఫై ఏళ్లు ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పినవాణ్ణి. ఇక్కడ ల్యాప్‌టాప్ తగిలించి, అది చెప్పింది రాసుకోవడమే పని. అద్దం దించడానికో కంప్యూటరు, తలుపు వేయడానికో కంప్యూటరు. ఎందుకొచ్చిన గోలరా బాబూ అని రోజుకు పదిసార్లు అనుకునేవాణ్ణి.

ఒకరోజు బాపట్ల నుంచి ఒక లెక్చరర్ గారి కొత్త కారు వచ్చింది. చీరాల రోడ్డు మీద, ఎదురుగా ఏమీ లేకుండానే, ఉన్నట్టుండి ఆగిపోయిందట. వెనక సీట్లో ఉన్న ఆయన తల్లిగారి నుదురు ముందు సీటుకు కొట్టుకుని కుట్లు పడ్డాయి. నడిపింది డ్రైవరు కోటేశు. రేపల్లె అవతల సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. ఆ ఇంట్లో స్టీరింగ్ పట్టినవాడు అతనొక్కడే.

“నేను బ్రేక్ తొక్కలేదు సార్. మా అమ్మ మీద ఒట్టు. అదే పట్టేసిందండి,” అన్నాడు.

నా రిపోర్టును బట్టి అతన్ని ఉంచాలో పంపాలో చూస్తానన్నారు లెక్చరర్ గారు.

మా పద్ధతి ప్రకారం బండి రాగానే ఫిర్యాదేమిటో జాబ్ కార్డులో రాస్తారు, తర్వాత కడుగుతారు, ఆ తర్వాతే పరీక్ష. లోపం వస్తే కారు తనలో తానే ఒక కోడ్ రాసుకుంటుంది. ల్యాప్‌టాప్ పెట్టి చూశాను. ఒక్క కోడూ లేదు. అమృతలూరు దాకా నడిపి వచ్చాను. బ్రేకులు బంగారంలా ఉన్నాయి. కోటేశు చెప్పేది నిజమేననిపించింది. అయితే నాకేమనిపించిందో రాయడానికి ఫారంలో చోటేదీ? ‘వాహనంలో లోపం లేదు, డ్రైవర్ పొరపాటు’ అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆ సాయంత్రమే కోటేశు ఉద్యోగం పోయింది. బాపట్లలో మరెవరూ అతని చేతికి తాళం ఇవ్వలేదు.

నెల తిరక్కుండా అదే కారు మళ్లీ వచ్చింది. ఈసారి నడిపింది లెక్చరర్ గారే. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“నేను తొక్కలేదండి మేనేజర్ గారూ!” అన్నారు.

కడగనివ్వకుండా ముందు నేనే చూశాను. కారు ముందున్న గ్రిల్లుకు ఇనుప తీగతో నిమ్మకాయలు, మిరపకాయలు, బొగ్గు ముక్క వేలాడుతున్నాయి. దిష్టికని తల్లిగారు కట్టారట. దెబ్బ తగిలాక భయపడి ఇంకా పెద్దది కట్టారట. సరిగ్గా దాని వెనకే ఉంది రాడార్, అంటే అడ్డొచ్చినదాన్ని కనిపెట్టి తనంతట తానే బ్రేకు వేసే పరికరం. గాలికి తీగ ఊగితే ఎవరో అడ్డొచ్చారనుకుంటోంది. తీగ తీసి నడిపితే ఏమీ లేదు, మళ్లీ కట్టి నడిపితే రోడ్డు మధ్యలో పట్టేసింది. మొదటిసారి మావాళ్లు దాన్ని తెంపి పారేసి బండి కడిగారు. రాడార్ లెక్కలో అది లోపమే కాదు, అందుకే కోడ్ రాసుకోలేదు.

కంపెనీకి రాస్తే, గ్రిల్లు ముందు ఏమీ కట్టకూడదని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉందని జవాబు. ఆ పుస్తకం ఎవడు చదివాడు? నేనే చదవలేదు.

రిపోర్టు మార్చి రాసి, అది పట్టుకుని రేపల్లె వెళ్లాను. కోటేశు వల బాగుచేసుకుంటున్నాడు. తప్పు నాదేనన్నాను. లెక్చరర్ గారు మళ్లీ రమ్మంటున్నారని కూడా చెప్పాను. కాగితం మడిచి నా చేతికే ఇచ్చాడు.

“వద్దులెండి బాబాయ్ గారూ. కంప్యూటరూ చెప్పింది, మీరూ చెప్పారు. నేనే తొక్కానేమో అనుకున్నాను. మొన్న మా బావ ఆటో ఇచ్చినా నడపలేకపోయానండి. నా కాలి మీద నాకే నమ్మకం పోయింది.”

కోడ్ లేనంత మాత్రాన తప్పు జరగనట్టు కాదు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉండి కూడా నేనది ఆలస్యంగా నేర్చుకున్నాను. అప్పటికే ఒక మంచి డ్రైవరు స్టీరింగ్ వదిలేశాడు.