రాజయ్య మేస్త్రీ గొంతు

మధ్యాహ్నం తిండి వేళకు మా హౌస్‌కీపింగ్ ఆడవాళ్లమంతా గచ్చిబౌలి ఆఫీసు సెల్లారులో కూర్చుంటాం. డబ్బా మూత తీయకముందే రజిత మొదలుపెడుతుంది. "కనకమ్మక్కా, ఎల్లమ్మ ముచ్చట చెప్పవా?"

చెప్తాను. ఎన్నిసార్లు విన్నా పడీపడీ నవ్వుతారు.

ఎల్లమ్మా నేనూ నారాయణపేట దిక్కు నుంచి కూలికి వచ్చినప్పుడు ఇక్కడ అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఇద్దరం ఇటుకలు మోసేవాళ్లం. మా మీద రాజయ్య మేస్త్రీ. ఆయన గొంతు విప్పితే కంకర కలిపే మిషను చప్పుడు కూడా వినిపించేది కాదు.

ఆ గొంతును ఎల్లమ్మ పట్టేసింది. గాలి వీస్తే పడిపోయేలా ఉండే పిల్ల, నోరు తెరిస్తే అచ్చం రాజయ్యే. ఒకరోజు పై అంతస్తులో పిల్లర్ వెనక నిలబడి అరిచింది.

"ఏయ్, పని బంద్ చేసి అందరు చాయ్ తాగి రాండ్రి!"

తట్టలు అక్కడే పడేసి అందరం గేటు బయటి చాయ్ బండి దగ్గరికి పోయాం. మేస్త్రీ వచ్చి చూస్తే నరపురుగు లేదు. పరుగెత్తుకొచ్చాడు.

"పని ఆపుమని ఎవలు చెప్పిన్రు మీకు?"

"నువ్వే చెప్తివి గద మేస్త్రీ!"

"నేనా?"

మర్నాడు మెడలో తాయెత్తుతో వచ్చాడు. అయినా ఎల్లమ్మ వదల్లేదు. ఆయన గొంతుతో ఆయన్నే "రాజయ్యా!" అని పిలిచింది. "ఆ!" అని పలికి, చుట్టూ చూసి, ఎవరూ లేకపోయేసరికి చెప్పులు కూడా వదిలేసి మెట్లు దిగాడు.

రజిత వాళ్లకు ఇంతవరకే చెప్తాను.

ఆ వానాకాలం ఎల్లమ్మ జ్వరంతో ఊరికి పోయింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందని ఆలస్యంగా కబురొచ్చింది. ఏడుస్తూ మేస్త్రీకి అంతా చెప్పేశాను.

"నిన్ను పిలిచింది దయ్యం కాదు మేస్త్రీ. మా ఎల్లమ్మనే."

ఆయన తిట్టలేదు. తాయెత్తు తడుముకుంటూ పై అంతస్తు వైపు చూశాడు.

"మరి నిన్న పిలిచింది ఎవలు బిడ్డా?"

ఆ పని అయిపోగానే ఆయన ఎటో, నేను ఎటో పోయాం.

మొన్న చలికాలంలో హఫీజ్‌పేట్ స్టేషన్‌లో కనబడ్డాడు. ముసలివాడైపోయాడు. పక్కన అల్లుడు ఉన్నాడు. గొంతుకు ఆపరేషన్ అయిందనీ, మాట పోయిందనీ అతనే చెప్పాడు. రాజయ్య నన్ను గుర్తుపట్టి దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆయన నోటి దగ్గర చెవి పెట్టి విన్నాను.

"మీ ఎల్లమ్మ ఇంకా పిలుస్తది. నా పాత గొంతుతోటే."

"భయమైతలేదా?"

"మొదట్ల అయితుండె. ఇప్పుడు రెండు దినాలు పిలువకుంటె పరేషాన్ అయితది."

అంటూ నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. ఇంతలో వాళ్ల రైలు వచ్చింది. అల్లుడు చెయ్యి పట్టి ఎక్కించాడు.

నేను ఎక్కాల్సిన రైలు కూడా వచ్చింది, పోయింది. బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఒకే రేకుల షెడ్డులో, ఒకే చాప మీద పడుకున్నాం ఎల్లమ్మా నేనూ. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అది నన్ను పిలవలేదు.