గుర్రమెక్కినా అందని కిటికీలు

మా పంతులమ్మ పోయారు. ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో నాకు అక్షరాలు దిద్దించి, పెద్దయ్యాక అదే బడిలో నాకు ఉద్యోగం ఇప్పించిన మనిషి. శుక్రవారం పొద్దున కబురు వచ్చేసరికి నేను పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. జ్వరమే కదా, తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు.

మా బడిని కొత్తగా చూసినవాళ్లు “ఇదేం బడి, జైలు లెక్కున్నది” అంటారు. వినీ వినీ నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అది ఒకప్పుడు ధాన్యం గోదాం. దాన్ని బడిగా మార్చేటప్పుడు చాపలెక్కడ, నల్లబల్ల ఎక్కడ, నీళ్లకుండ ఎక్కడ అని ఆమే బొగ్గుతో నేలమీద గీసి మేస్త్రికి చూపించారట. వీధివైపు పెద్ద కిటికీలు పెట్టించాలని ఆమె ఆశ. తొవ్వన పోయేవాళ్ల కళ్లు ఆడపిల్లల మీద పడతాయని తండ్రులు ఒప్పుకోలేదు. సరేనని, ఊళ్లో అందరికంటే పొడుగు మనిషిని తలకు రుమాలుతో సహా వీధిలో నిలబెట్టి, అతని చూపు అందనంత ఎత్తున గోడమీద గీత పెట్టించారు. కిటికీలు ఆ గీతకు పైన. అంతటితో పోయేదే! ఇంతలో మా పటేలు “మరి గుర్రమెక్కి పోయేటోని సంగతేంది?” అన్నాడు. అని ఊరుకోలేదు. గుర్రం తెప్పించి, ఎక్కి, గోడ పక్కన మెడ చాచి చూశాడు. ఆ గుర్రాన్ని పట్టుకున్నది మా బాపే. తలచుకుంటే నవ్వొస్తుంది గాని, గీత ఇంకో మూరెడు పైకి పోయింది.

అప్పుడుగాని ఆడపిల్లలు బడికి రాలేదు. నేనూ అట్లా వచ్చినదాన్నే.

లోపల పట్టపగలే మసక. ఆమె పెంకుల మధ్య ఒక అద్దం పెట్టించారు. దాని వెలుగు నేలమీద జరిగినకొద్దీ మేం పలకలు పట్టుకొని చాపలు జరుపుకునేవాళ్లం. మాకది ఆట. ఆమె మాత్రం “మీ నాయినలకు నచ్చేటట్టు కట్టిచ్చిన బిడ్డా, మీకు నచ్చేటట్టు కట్టియ్యలే” అనేవారు. నా మనసు చివుక్కుమనేది.

ఏటా ఎండాకాలం ఇంటింటికీ పోయి అడిగేవారు.

“ఒక్క కిటికీ దించనియ్యుండ్రి. పిల్లల కండ్లు పోతున్నయి.”

“దించుండ్రి పంతులమ్మా. మా పిల్లను మాత్రం రేపటి సంది పంపం.”

ఇచ్చిన మజ్జిగ తాగి లేచి వచ్చేవారు. కామారెడ్డి పోయి పెద్ద అధికారులకు అర్జీ పెడదామని ఒకసారి నేనే అన్నాను.

“హుకుం వస్తే కిటికీ దిగుతది, పిల్లలు రారు. ఖాళీ బడిల వెలుతురెందుకే?” అన్నారు.  

ఈ ఏడు పటేలు మనుమరాలు బడిలో చేరింది. ఈసారి ఆయన “సరే, చూద్దాం తియ్యుండ్రి” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె ఎంత మురిసిపోయారో! మేస్త్రికి కబురు కూడా పంపారు. ఆ వారంలోనే జ్వరం పట్టుకుంది. అయ్యో, ఇంకో నెల బతికితే ఏమయ్యేది?

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమెను బడి ముందునుంచే తీసుకుపోయారు. పిల్లలను బయటికి రానియ్యొద్దని పెద్దలు ముందే చెప్పి పంపారు. డప్పులు గోడ అవతలికి రాగానే పిల్లలంతా లేచారు. చాపలు చుట్టి ఒకదానిమీద ఒకటి వేసి ఎక్కారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కారు. అందలేదు.

“అక్కా, పంతులమ్మ కనవడ్తలేదు” అని పటేలు మనుమరాలు ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని రెండు చేతులా పైకెత్తాను. ఎంత ఎత్తినా గోడే. చప్పుడు దూరమవుతుంటే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గోడకు చెవులానించి నిలబడ్డారు.